చూడని పరుగు

ఈ సాయంత్రం రియాద్‌లోని బతా బజారులో గోంగూర కొనడానికి వెళ్ళి, పాత సామాన్లు అమ్మే కొట్టు ముందు ఆగిపోయాను. ఇస్త్రీ పెట్టెలకీ, జిప్పులు ఊడిన సూట్‌కేసులకీ మధ్య ఒక తోలు గ్లవ్ పడి ఉంది. బేస్‌బాల్ ఆడేవాళ్ళు బంతి పట్టుకోవడానికి ఒక చేతికి తొడుక్కునే పెద్ద గ్లవ్ అది. తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాను. కొట్టులో కూర్చున్న బంగ్లాదేశ్ అతను నాకేమైనా తిక్కేమో అన్నట్టు చూశాడు. తోలు వాసన వచ్చింది, దుమ్ము వాసన వచ్చింది, నేను వెతుకుతున్న కొబ్బరినూనె వాసన మాత్రం రాలేదు. బేస్‌బాల్ గ్లవ్‌కి కొబ్బరినూనె రాసి మెత్తబరిచే మనిషిని నా జీవితంలో ఒక్కరినే చూశాను. ఆవిడ ఈ దేశం వదిలి వెళ్ళి చాలా ఏళ్ళయింది. గ్లవ్ అక్కడే పెట్టేసి, గోంగూర కొనడం కూడా మర్చిపోయి మెట్రో ఎక్కేశాను.

ఆవిడ పేరు సామ్రాజ్యం. నర్సాపురం దగ్గర పల్లె నుంచి వచ్చిన నర్సు. నేను రియాద్‌లో మొదట చేరిన చిన్న ఆసుపత్రిలో, ఆడవాళ్ళ వార్డు బాధ్యత చూసే ఛార్జ్ నర్సు. మేమంతా సామ్రాజ్యం అక్క అనేవాళ్ళం. నాకు పని నేర్పింది ఆవిడే, నా ఉద్యోగం ఊడగొట్టబోయిందీ ఆవిడే, చివరికి దాన్ని నిలబెట్టిందీ ఆవిడేనేమో. ఆ ‘ఏమో’ దగ్గరే నేను ఇన్నేళ్ళుగా ఆగిపోయాను. కొందరి గురించి తలుచుకుంటే మంచివాళ్ళనో చెడ్డవాళ్ళనో తేల్చేసి హాయిగా ఉండవచ్చు. అక్క విషయంలో అలా తేల్చిన ప్రతిసారీ మర్నాడే మనసు మార్చుకున్నాను.

అప్పటికి మా వార్డులో ఇంకా కాగితం చార్టులే. పగటి డ్యూటీ వాళ్ళు నీలం సిరాతో రాయాలి, రాత్రి డ్యూటీ వాళ్ళు ఎర్ర సిరాతో రాయాలి. తప్పు రాస్తే దాని మీద ఒకే ఒక్క గీత గీసి, పక్కన సంతకం పెట్టాలి. కింద ఉన్న తప్పు కనపడుతూనే ఉండాలి. నేను చేరిన మొదటి వారంలో ఒక అంకెను దిద్ది రెండును మూడు చేశాను. అక్క ఆ చార్టు పట్టుకుని వార్డు మధ్యలోనే నిలదీశారు. “ఇది రెండా, మూడా? డాక్టరుగారు ఏదని చదవాలి? గీత గీసి సంతకం పెట్టమన్నానా లేదా?” అన్నారు. “పెట్టమన్నారక్కా” అన్నాను. “మరి సిగ్గుపడి దిద్దేవా? తప్పు రాసినందుకు నేనేవీ అనను. దాన్ని దాచినందుకు అంటాను” అన్నారు. పన్నెండు మంది రోగుల ముందు ఏడుపు ఆపుకుని నిలబడ్డాను. తణుకు వదిలి విమానం ఎక్కి వచ్చింది ఈ మాటలు పడటానికా అని ఆ రోజు చాలా కోపం వచ్చింది.

అదే మనిషి శుక్రవారం సాయంత్రం ఇంకొకలా ఉండేవారు. మా హాస్టల్ వెనక ఎత్తైన గోడల మధ్య మట్టి దొడ్డి ఒకటి ఉండేది. ఆ రోజుల్లో మేము ఎక్కడికి వెళ్ళాలన్నా వారానికొకసారి వచ్చే కంపెనీ బస్సే దిక్కు. ఆ దొడ్డిలో ఫిలిప్పీన్స్ నర్సులు బేస్‌బాల్ ఆడేవాళ్ళు. వాళ్ళలో జోసీ అనే ఆమె బంతి విసిరితే బ్యాటుకి తగలడం గగనం. ఆ ఆట గురించి మాకు తెలిసింది ఇంతే: నాలుగు మూలల్లో నాలుగు బేస్‌లు ఉంటాయి, బంతి కొట్టినవాళ్ళు వరసగా అన్నీ తాకి బయల్దేరిన చోటికి, అంటే హోమ్‌కి, తిరిగొస్తే ఒక పరుగు. మన తెలుగువాళ్ళకి చిన్నప్పుడు అన్నదమ్ములతో వీధిలో ఆడిన క్రికెట్ తప్ప ఇంకోటి రాదు. బంతి తగిలితే చాలు, బ్యాటు చేత్తో పట్టుకునే పరుగెత్తేవాళ్ళు. మా ప్రమీలైతే మొదటి బేస్ దగ్గరికి వెళ్ళి, వంగి, బ్యాటు కొస నేలకి ఆనించి, “పెట్టేశా, అవుట్ కాదు!” అని అరిచేది. అక్కడ నిలబడ్డ జోసీ స్నేహితురాలు ఆ బ్యాటుకి భయపడి పక్కకి దూకేది. మనవాళ్ళు ముచ్చటపడి వెనక్కి తిప్పి కొట్టిన బంతులన్నీ ఫౌలే, లెక్కలోకి రావు. అది ఎందుకు ఫౌలో నాలుగు వారాలైనా మా ఎవ్వరికీ అర్థం కాలేదు.

అలా రెండు సున్నా, ఒకటి సున్నా అని ఆట ముగిసేది. ఎప్పుడూ జోసీ జట్టే గెలిచేది. మెల్లగా మనవాళ్ళు, కేరళ వాళ్ళు రావడం మానేశారు. శుక్రవారం వస్తే ఎవరి గదిలో వాళ్ళు తలుపేసుకుని ఇంటికి ఫోన్ చేసి ఏడవడమే పని. అక్కకి మోకాళ్ళ నొప్పులు, ఆవిడ ఆడేవారు కారు. ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని హోమ్ దగ్గర కూర్చుని తీర్పులు చెప్పేవారు. ఖాళీ దొరికితే జోసీ వాళ్ళ గ్లవ్‌లకి నూనె రాసేవారు. ఒక శుక్రవారం దొడ్డి తలుపుకి ఒక కాగితం అంటించారు. ఇక నుంచి మొదటి బేస్ చేరితే చాలు ఒక పాయింటు, హోమ్‌కి తిరిగొస్తే ఇంకో మూడు. ఆఖరి వంతులో, వెనకబడిన జట్టు తెచ్చుకున్న ప్రతి పాయింటూ రెట్టింపు. ఫౌల్ మాత్రం ఫౌలే, అందులో మార్పు లేదు.

జోసీ కాగితం రెండుసార్లు చదివింది. తర్వాత ఇంగ్లీషులో, “సిస్టర్, ఇది బేస్‌బాల్ కాదు” అంది. “అయితే నీకిష్టమైన పేరు పెట్టుకో” అన్నారు అక్క. “నేను మూడు వంతులు కష్టపడి సంపాదించింది ఆఖరి అయిదు నిమిషాల్లో పోతుంది కదా?” అని జోసీ అడిగింది. “పోవచ్చు. అందుకే ఆఖరి దాకా అందరూ ఉంటారు” అన్నారు. అలాగే జరిగింది. మూడో వారానికి దొడ్డి గోడ వారన కూర్చోవడానికి చోటు లేకపోయింది. మొదటి బేస్ చేరినందుకే ఇంట్లో పెళ్ళి కుదిరినట్టు కేకలు పెట్టేవాళ్ళు. జోసీ అన్నదాంట్లో న్యాయం ఉందని నాకు అప్పుడూ అనిపించింది, ఇప్పుడూ అనిపిస్తోంది. అయినా ఆ కేకల్లో నేనూ గొంతు కలిపాను.

ఇక నా సంగతికి వస్తాను. నేను చేరి రెండు నెలలైంది. మూడు నెలల ప్రొబేషన్ గడిస్తేనే ఉద్యోగం ఖాయం. తప్పు చేసినట్టు కాగితం మీదకి ఎక్కితే పాస్‌పోర్టు మీద ఫైనల్ ఎగ్జిట్ కొట్టి ఇంటికి పంపిస్తారని అందరూ చెప్పేవారు. ఒక ఆదివారం మధ్యాహ్నం నాలుగింటికి, ఉమ్ ఖాలిద్ అని మేము పిలుచుకునే ఒక ముసలావిడకి బీపీ చూడాలి. మా వైపు పన్నెండు పడకలకి చక్రాల బీపీ మిషన్ ఒక్కటే. అది కనపడలేదు. వెతుకుతుండగా కొత్త రోగిని తీసుకొచ్చారు, నేను అటు పరుగెత్తాను. తిరిగొచ్చేసరికి అయిదవుతోంది. చార్టులో నాలుగింటి గడి ఖాళీగా ఉంది. పన్నెండింటికి చూసిన అంకెను కొంచెం అటూ ఇటూ చేసి, నీలం సిరాతో ఆ గడిలో రాసేశాను. ఆరింటికి మిషన్ దొరికింది. నిజంగా చూస్తే ఆవిడ బీపీ బాగానే ఉంది. వారం తిరక్కుండా కొడుకుతో నవ్వుతూ ఇంటికి వెళ్ళింది. కానీ ఆ రోజు నాలుగింటికి ఆవిడ బీపీ ఎంతో ఈ భూమ్మీద ఎవరికీ తెలియదు. ఎవరితోనూ చెప్పలేదు.

ఆ ఆదివారం తర్వాత వచ్చిన శుక్రవారమే, స్కోరు రాసే కేరళ అమ్మాయి సెలవు మీద వెళ్ళిపోయిందని చెప్పి, అక్క కాగితాల అట్ట నా చేతిలో పెట్టారు. “నువ్వు రాయి కరుణా. నీ దస్తూరీ బాగుంటది. మొదటి బేస్ పక్కనే కూర్చో, నాకు అంత దూరం కనపడి చావదు. అక్కడ అవుటో కాదో నువ్వే చెప్పాలి” అన్నారు. వార్డులో మిగిలిపోయిన ఖాళీ చార్టుల వెనకవైపే స్కోరు రాసేవాళ్ళం. గడులు చూడగానే ఉమ్ ఖాలిద్ చార్టు గుర్తొచ్చింది. కాదనడానికి సాకు తోచక కూర్చున్నాను.

నేను స్కోరు రాస్తున్న మూడో శుక్రవారం. ఆఖరి వంతు. మా జట్టు ఒక్క పాయింటు వెనకబడి ఉంది. ఆఖరిగా మిగిలిన ప్రమీల చేతిలో బ్యాటు. ఆవిడ మొదటి బేస్ చేరితే ఒక పాయింటు రెట్టింపై రెండవుతుంది, జోసీ మీద మేము మొదటిసారి గెలుస్తాం. ఆ సమయానికి నేను తలొంచుకుని పై వరసల లెక్క సరిచూసుకుంటున్నాను. బ్యాటుకి బంతి తగిలిన చప్పుడు వినిపించింది, వెంటనే గోడ వైపు నుంచి కేకలు. తలెత్తేసరికి ప్రమీల బేస్ మీద నిలబడి ఉంది. అక్కడే ఉన్న జోసీ స్నేహితురాలి గ్లవ్‌లో బంతి ఉంది. బంతి ముందు చేరితే అవుట్, ప్రమీల ముందు చేరితే పాయింటు; ఏది ముందు జరిగిందో నాకు తెలియదు. “పాయింటే!” అని అరిచి, గడిలో రాసేశాను. మనవాళ్ళు ప్రమీలని ఎత్తుకున్నారు.

జోసీ మెల్లగా నడుచుకుంటూ అక్క దగ్గరికి వెళ్ళింది. “ఆ అమ్మాయి తలొంచుకుని ఉంది సిస్టర్, చూడలేదు” అంది. అక్క కుర్చీలోంచి లేచి, మోకాలు పట్టుకుని నా దగ్గరికి వచ్చారు.

“చూశావా?”

“ఆయ్, చూశానక్కా.”

“నా మొహం చూసి చెప్పు. చూశావా?”

“లేదక్కా.”

“మరెందుకు రాశావు?”

“గడి ఖాళీగా ఉండిపోద్దని...”

“ఉంటే ఏవైద్ది?”

అక్క వెనక్కి తిరిగి, ఎవరూ సరిగా చూడని బంతి లెక్కలోకి రాదు, మళ్ళీ వేయండి అన్నారు. మనవాళ్ళు గోల చేశారు. “అక్కా, మన జట్టు గెలిచింది!” అని ప్రమీల మొత్తుకుంది. అక్క వినలేదు. జోసీ వరసగా మూడు బంతులు విసిరింది, మూడింటికీ ప్రమీల బ్యాటు గాలినే కొట్టింది, మూడు తప్పితే అవుటే. ఓడిపోయాం. ప్రమీల వారం రోజులు నాతో మాట్లాడలేదు.

ఆ సాయంత్రమే, మసీదు నుంచి మగ్రిబ్ అజాన్ వినిపిస్తుండగా అక్క గది తలుపు తట్టాను. ఆవిడ మంచం మీద కూర్చుని జోసీ గ్లవ్‌కి నూనె పట్టిస్తున్నారు. ఉమ్ ఖాలిద్ బీపీ సంగతి మొత్తం చెప్పేశాను. చెబుతూ ఏడ్చాను. అక్క ఆశ్చర్యపోలేదు, తిట్టలేదు. చేతులు తుడుచుకుని, “రేపు పొద్దున డ్యూటీ ఎక్కగానే రిపోర్టు రాద్దాం. నీది నువ్వు రాయి, నాది నేను రాత్తాను” అన్నారు.

“అక్కా, నా ప్రొబేషన్ ఇంకా అవ్వలేదు. ఇంటికి పంపేత్తారు.”

“పంపితే పంపుతారు.”

“ఆ ముసలావిడకి ఏమీ కాలేదు కదక్కా. ఆట కోసం అన్ని రూల్స్ మార్చారు. నాకోసం ఈ ఒక్కటీ వదిలెయ్యలేరా?”

అక్క నా వైపు అదోలా చూశారు. “ఆటకీ దీనికీ ఏంటే సంబంధం?” అన్నారు. ఆ మాట కోపంగా అన్నారో, నిజంగానే తెలియక అడిగారో ఇప్పటికీ చెప్పలేను. ఆ క్షణంలో మాత్రం ఆవిడంటే అసహ్యం వేసింది. రాయిలాంటి మనిషి దగ్గరికి వచ్చి నా గొయ్యి నేనే తవ్వుకున్నాననుకున్నాను.

మర్నాడు మమ్మల్నిద్దరినీ నర్సింగ్ డైరెక్టర్ గదిలోకి పిలిచారు. ఆమె నా కాగితం చదివి పక్కన పెట్టారు. అక్క కాగితం చదువుతూ ఆగి, మళ్ళీ మొదటి నుంచి చదివారు. తర్వాత దాన్ని నా ముందుకి జరిపారు, నువ్వూ చదువు అన్నట్టు. అందులో ఇలా ఉంది: ఆ ఆదివారం మూడింటి నుంచి అయిదున్నర దాకా బీపీ మిషన్ రిపేరు విభాగంలో ఉంది, స్వయంగా నేనే తీసుకెళ్ళాను. సాయంత్రం చార్టు చూసినప్పుడే నాలుగింటి అంకె నిజం కాదని నాకు తెలిసింది. ఈ రోజు వరకు నేను ఎవరికీ చెప్పలేదు.

దాదాపు మూడు వారాలు. ఆ మూడు వారాలూ ఆవిడ నాతో కలిసి వార్డులో తిరిగారు, శుక్రవారం పొద్దున తన గదిలో నన్ను పక్కన కూర్చోబెట్టుకుని ప్రార్థన చేశారు, సాయంత్రం స్కోరు కాగితం నా చేతికే ఇచ్చారు. డైరెక్టర్ అడిగారు, “ఇన్నాళ్ళు ఎందుకు ఆగారు?” అక్క, “నా దగ్గర జవాబు లేదు మేడమ్” అన్నారు. నన్ను గట్టిగా హెచ్చరించి, ప్రొబేషన్ ఇంకో మూడు నెలలు పొడిగించారు. అక్కని ఛార్జ్ నర్సు బాధ్యత నుంచి తప్పించి అవుట్ పేషెంట్ విభాగానికి పంపారు. అబద్ధం రాసినదాన్ని నేను, పదవి పోయింది ఆవిడకి. తెలిసి ఊరుకున్న పెద్దవాళ్ళ తప్పే ఎక్కువని డైరెక్టర్ అన్నారు.

చాలాకాలం నాలో నేనే వాదించుకున్నాను. నా అంతట నేను చెప్పుకునేలా చేయడానికే ఆగి ఉంటారు, స్కోరు రాయించింది అందుకే, ఆఖరి వంతు దాకా ఓడిపోతున్నవాళ్ళకి అవకాశం ఉండాలన్నది కదా ఆవిడ రూల్ అని ఒక రోజు అనుకునేదాన్ని. కళ్ళల్లో నీళ్ళు తిరిగేవి. మర్నాడు వార్డులో ఎవరికైనా బీపీ చూస్తున్నప్పుడు ఒళ్ళు మండేది. ఆ మూడు వారాల్లో నేను ఇంకో నాలుగు గడులు అలాగే నింపి ఉంటే? వాటిలో ఒకటి ఒకరి ప్రాణం మీదకి తెచ్చి ఉంటే? నా మనసు బాగుపడటం కోసం రోగులని పణంగా పెట్టే హక్కు ఆవిడకి ఎవరిచ్చారు? పోనీ, అదేమీ లేదు, స్కోరు రాసే అమ్మాయి సెలవు మీద వెళ్ళడం వల్లే నన్ను పిలిచారా? ఇలా తిప్పి తిప్పి ఆలోచించి అలిసిపోయేదాన్ని.

రెండేళ్ళకి అక్క ఫైనల్ ఎగ్జిట్ మీద వెళ్ళిపోతున్న రోజు, హాస్టల్ గేటు దగ్గర పెట్టెల పక్కన నిలబడి ఉండగా అడిగేశాను. కంపెనీ వ్యాను ఇంకా రాలేదు.

“అక్కా, నా కోసమే ఆగారా?”

ఆవిడ నవ్వుతారనుకున్నాను. నవ్వలేదు.

“నేనేదో గొప్ప ఆలోచనతో చేసేననుకోకే. నువ్వే వచ్చి చెప్తావేమోనని ఒక రోజు ఆగేను. ఒక రోజు ఆగేక రెండో రోజు రాయడం కష్టమైపోయింది. నిన్ననే ఎందుకు రాయలేదని అడుగుతారు కదా. మూడో రోజు ఇంకా కష్టం. నువ్వు ఎలాగ దాచుకున్నావో నేనూ అలాగే దాచుకున్నాను.”

“మరి స్కోరు నా చేత...”

“దస్తూరీ బాగుంటదని చెప్పేను కదా” అన్నారు. వ్యాను వచ్చింది. నా తల నిమిరి, మోకాలు పట్టుకుని ఎక్కి కూర్చున్నారు. నాకు తేలిగ్గా ఉండాలని ఆ మాట అన్నారా, లేక నిజమే చెప్పారా? వెనక కిటికీలోంచి ఆవిడ చెయ్యి ఊపుతుంటే, ఊపడానికి నా చెయ్యి వెంటనే లేవలేదు. అందుకు ఇప్పటికీ బాధగా ఉంది.

ఆ తర్వాత నేను వేరే పెద్ద ఆసుపత్రికి మారాను, ఇప్పుడు ఛార్జ్ నర్సుని. సిరా పోయి కంప్యూటర్లు వచ్చాయి. మొన్న బుధవారం మా వార్డులో ఒక సిస్టర్, నాకంటే వయసులో పదేళ్ళు పెద్దావిడ, రెండింటికి ఒక రోగి బీపీ చూసినట్టు రాసింది. ఆ సమయానికి ఆ రోగి స్కానింగ్‌కి వెళ్ళి ఉంది, తీసుకెళ్ళినదాన్ని నేనే. ఆ సిస్టర్ కొడుకు ఇంజనీరింగ్ చివరి సంవత్సరంలో ఉన్నాడు, భర్తకి పని లేదు. ఇక్కడ ఉండటానికిచ్చే అనుమతి, ఆవిడ ఇకామా, వచ్చే నెల రెన్యూవల్‌కి వెళ్తుంది. నిన్న పక్కకి పిలిచి, “సిస్టర్, చూసే రాశారా?” అని అడిగాను. “చూసే రాశానమ్మా” అంది. నా మొహం చూసి చెప్పమని అనలేకపోయాను. ఇంకొక్క రోజు ఆగితే ఆవిడే వస్తుందేమో అనుకున్నాను.

ఇవాళ మూడో రోజు. రిపోర్టు ఫారం తెరిచి కూర్చున్నాను. ఈ సంగతి నాకు మూడు రోజులుగా తెలుసు అని ఆఖరి వాక్యం ముందే రాసేశాను. దానికి పైన రాయాల్సిందే ఇంకా తోచడం లేదు.